శ్రమల దినాల్లో రెండు సిస్టంలు

మా ఆయన కంప్యూటర్ ఆటలు మానేస్తున్న సంగతి నాకంటే ముందు మా చర్చి సంఘానికి తెలిసింది. భస్మ బుధవారం ఆరాధనలో, ఈస్టర్‌కి ముందు వచ్చే ఈ నలభై శ్రమల దినాల్లో ఎవరు ఏం వదులుకుంటున్నారో లేచి చెప్పమన్నారు పాస్టరు అయ్యగారు. ఒకరు మాంసం అన్నారు, ఒకరు సీరియళ్లు అన్నారు. మా ఆయన లేచి, "ఈస్టర్ దాకా విండోస్ తెరవనండి" అన్నారు. సగం మందికి అర్థం కాలేదు. అయినా స్తోత్రం చెప్పారు.

కొండపల్లి దగ్గర పవర్ స్టేషన్‌లో షిఫ్టు దిగి, గొల్లపూడి దాకా బస్సులో నిలబడి వచ్చే ఈ మనిషి, ఇంటికి రాగానే కంప్యూటర్‌లో ఐరోపా రోడ్ల మీద లారీ తోలతారు. జీతం లేదు, బత్తా లేదు. ఆ ఆట నడిచేది విండోస్‌లో. అందుకని అదే కంప్యూటర్‌లో లినక్స్ అనే రెండో సిస్టం వేశారు. ఆన్ చేయగానే రెండింట్లో ఏది కావాలని అడుగుతుంది. ఒకటి లోకానిది, రెండోది దేవునిదని నాకు వివరించారు. గుడిలో తెర మీద వేసే పాటలు టైపు చేసేది నేనే కాబట్టి దేవునిది నాకు అప్పగించారు.

ఆట మొత్తం తీసేయొచ్చు కదా అన్నాను. మళ్లీ దించుకోవాలంటే ఎంత డేటా అవుతుందో తెలుసా అన్నారు. నిజమే, పునరుత్థానం తర్వాత లారీ కూడా లేవాలి కదా. అందుకని ఆటనూ నా పాటలనూ రెండు సిస్టంలకూ ఉమ్మడిగా ఉన్న ఒకే డ్రైవులో పెట్టారు.

వారం వారం ఆయన భక్తి పెరిగింది. ఉపవాస కూటాల్లో యవ్వనస్తులకు అయ్యగారు ఆయన్నే ఆదర్శంగా చూపించేవారు. మాట మీద ఎలా నిలబడ్డారో ఈస్టర్ నాడు సంఘం ముందు సాక్ష్యం చెప్పమన్నారు కూడా.

శుభ శుక్రవారానికి ముందు రోజు సిలువ పాటలు టైపు చేసి సేవ్ చేయబోతే డ్రైవు ఒప్పుకోలేదు. చదువుకోవచ్చట, రాయకూడదట. విండోస్ పూర్తిగా మూతపడలేదనీ, సగం నిద్రలో డ్రైవును పట్టుకుని ఉందనీ సందేశం. మొన్నటి మట్టల ఆదివారం పాటలు ఇదే డ్రైవులో చక్కగా సేవ్ అయ్యాయి. అంటే ఆ తర్వాత విండోస్‌ను ఎవరో తెరిచారు. ఇంట్లో ఉండేది మేమిద్దరం.

పిలిచి చూపించాను. రెండు వాక్యాల సందేశాన్ని ఆయన ఒక అధ్యాయమంత సేపు చదివారు.

"అప్‌డేట్లు వేద్దామని తెరిచాను."

"అప్‌డేట్లకి ఎక్కడి దాకా వెళ్లారు?"

"పోలండ్" అన్నారు.

నవ్వు రాలేదు నాకు. దేవుని సన్నిధిలో నిలబడి ఈయన అబద్ధం చెబుతారేమోనని భయం పట్టుకుంది. ఆదివారం సాక్ష్యంలో ఏం చెప్తారండీ అని అడిగాను. ఆ మూడు రోజులూ ఆయన కోసం చేసినంత ప్రార్థన, మా పెళ్లికి ముందు కూడా చేయలేదు.

ఈస్టర్ ఉదయం ఆయన మైకు పట్టుకున్నారు. "నిలబడ్డానని చెబుదామనే వచ్చానండి. నిలబడలేదు" అన్నారు. రెండు సిస్టంల సంగతీ, పోలండ్ సంగతీ కూడా చెప్పేశారు. ముందు వరుసలో ఒక ముసలమ్మ స్తోత్రం అంది. నాకు కళ్లనీళ్లొచ్చాయి. దేవుడు ఆయన్ని క్షమించాడన్న విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. సందేహమల్లా సంఘం గురించే.

ఆరాధన అయ్యాక ప్రేమ విందు భోజనాల దగ్గర ముగ్గురు సంఘ పెద్దలు బిర్యానీ ప్లేట్లతో ఆయన చుట్టూ చేరి తలలు వంచారు. బుద్ధి చెబుతున్నారో, ప్రార్థన చేస్తున్నారో అనుకుని దగ్గరికి వెళ్లాను. అందరికంటే పెద్దాయన గొంతు తగ్గించి అడుగుతున్నారు:

"బ్రదర్, ఆ రెండో సిస్టం మా లాప్‌టాప్‌లో కూడా వేస్తారా? ఒకటే ఉండబట్టి మా ఇంట్లో ఆవిడకి అన్నీ కనపడుతున్నాయి."