చేటలో అర అంగుళం

పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ని. లెక్కలు మాత్రం ఆపలేదు. నందిగామలో ఒక టింబర్ డిపోలో దుంగను చూసి ఎన్ని ఘనపుటడుగులు వస్తాయో చెప్పడం నా పని. నా మాటకీ టేపుకీ తేడా వస్తే టేపునే రెండోసారి చూస్తాను. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వెళ్తూ, చిల్లకల్లు దాటిన దగ్గర్నుంచి సిమెంటు లారీలు లెక్కపెడతాను. ఎందుకని మా ఆవిడ ఒకసారి అడిగింది. ఎవరో ఒకరు లెక్కపెట్టకపోతే ఎలా అన్నాను. మళ్లీ అడగలేదు.

ఆమధ్య మా ఊరి వర్తకులు చేతిపనివాళ్లకు సన్మానం తలపెట్టారు. మూడు రోజుల ప్రదర్శన. రెండో రోజు మార్కులు, చివరి రోజు సన్మానం. మొదటి స్థానం వచ్చినవారికి శాలువాతో పాటు మార్కెట్ షెడ్డులో ఒక కొట్టు, అద్దె లేకుండా. వాళ్ల పెద్ద, బట్టల కొట్టాయన, మార్కులు వేయమని నా దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, మాలో ఎవరు మార్కులేసినా బంధువులకే వేశారంటారు. మీరైతే లెక్క తప్పరు. బంధువులు కూడా తక్కువ."

రెండో మాట పొగడ్త కాదని ఇంటికొచ్చాక తట్టింది.

రెండు రోజులు కూర్చుని పట్టిక గీశాను. సమానంగా ఉన్నందుకు నలభై మార్కులు, గట్టిదనానికి ముప్పై, నునుపుకి ఇరవై, వేగానికి పది. అందానికి కొలత దొరక్క వదిలేశాను. అర అంగుళం తేడా ఉంటే పన్నెండు మార్కులు కోత అని కూడా ముందే రాసుకున్నాను. అలా ముందే రాసుకోవడాన్ని నేను నిష్పక్షపాతం అనుకునేవాణ్ని.

పోటీకి ఐదుగురు వచ్చారు. పోటీ నిజంగా ఇద్దరి మధ్యే. ఒకాయన బల్బుల చుట్టూ వేలాడదీసే దీపపు బుట్టలు వెదురుతో చేస్తాడు. నందిగామలో సొంత షాపుంది. ఇంకొకావిడ మా బస్టాండు పక్కన ఎండలో కూర్చుని చేటలు, గంపలు అల్లే ముసలావిడ. ఎండకి వెదురు బద్దలు పెళుసెక్కి, వంచబోతే విరిగిపోతాయి. అందుకని తడిపిన గోనె కప్పి, మాటిమాటికీ నీళ్లు చల్లుకుంటూ అల్లుతుంది. నాలుగు బద్దలు వంచితే ఒకటి విరగడం నేనే బస్సు కోసం నిలబడి లెక్కపెట్టాను. నీడలో కొట్టు దొరికితే ఆవిడ పని ఎంత మారుతుందో నాకు తెలుసు. కానీ పట్టికలో నీడకి గడి లేదు.

ఆవిడ ఒక్క చేటే తెచ్చింది.

"ఒక్కటేనా అమ్మా?"

"చెప్పినోళ్లకే అల్లుతా బాబూ. ఇదీ ఒకరిదే. చూసుకుని ఇటిచ్చెయ్, సాయంత్రం ఇచ్చి రావాలి."

టేపు పెట్టాను. ఎడమ మూల కన్నా కుడి మూల అర అంగుళం లోతుగా ఉంది. ఇంకో రెండుసార్లు కొలిచాను. అదే అర అంగుళం.

"కుడి మూల దిగిందమ్మా."

"దిగిందే."

"తెలిసే దించావా?"

"తెలీకుండా దిగుద్దా?"

ఎందుకు అని అడిగితే సరిపోయేది. తప్పు తనే ఒప్పుకుంది కదా అనుకుని పన్నెండు కొట్టేశాను. ఆవిడకి డెబ్భై తొమ్మిది, దీపపు బుట్టలాయనకి ఎనభై ఆరు. నాలుగింటికి మైకులో చదివారు. ముసలావిడ చేట తీసుకుని, గోనె మడిచి చంకలో పెట్టుకుంది. "నీడ కోసం వచ్చా. పోన్లే" అంది. ఎవరితో అందో తెలియదు. నాతో అయితే కాదు.

నేను పట్టికకి సాపు ప్రతి రాసి ఇల్లు చేరేసరికి, మా ఆవిడ వసారాలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. చేతిలో అదే చేట.

"ఇదెక్కడిది?"

"బస్టాండు దగ్గర మామ్మ ఇందాకే ఇచ్చెళ్లింది. నాది ఎడమ చేతివాటం కదండీ. మామూలు చేటలో రాళ్లు చెదిరిపోతాయి. మామ్మ నా చేత పాత చేటతో చెరిగించి చూసింది. నేను ఎగరేస్తే రాళ్లు కుడి మూలకి పోతున్నాయంట. అక్కడ లోతు పెట్టి అల్లింది."

"నీది ఎడమ చేతివాటమా?"

ఆమె చేట కింద పెట్టింది. "మన పెళ్లయి ఎన్నేళ్లండీ?"

ఇరవై ఆరేళ్ల నాలుగు నెలలు. ఆ లెక్క మాత్రం వెంటనే చెప్పాను.

మర్నాడు పొద్దున్నే బట్టల కొట్టు తలుపులు తీయకముందే వెళ్లి నిలబడ్డాను. ఆయన అంతా విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"బంధువులు తక్కువని మిమ్మల్ని పిలిస్తే, ఇంట్లోనే ఒకర్ని పెట్టుకున్నారా? చేట మీ ఇంటికి చేరాక మార్కులు మారిస్తే ఊరు ఏమంటుంది?"

కబురు విని వచ్చిన దీపపు బుట్టలాయన ఇంకా సూటిగా అన్నాడు. "వేసిందీ ఈయనే, దిద్దేదీ ఈయనేనా? ఆ చేట గొప్పేంటో అందరి ముందూ చెరిగి చూపించమనండి."

న్యాయమైన మాటే. ఆ సాయంత్రం వేదిక మీద కిలో చొప్పున రెండు బియ్యపు కుప్పలు పోశాం. ఒక్కోదాంట్లో ఇరవై ఐదు రాళ్లు నేనే లెక్కపెట్టి కలిపాను. మా ఆవిడ వచ్చి కూర్చుంది కానీ చేట ముట్టుకోలేదు.

"ముందు తప్పు మీరు మైకులో చెప్పండి. తర్వాత చెరుగుతా."

చెప్పాను. మా ఆవిడది ఎడమ చేతివాటమని తెలియక పన్నెండు మార్కులు తగ్గించానని చెప్పాను. వెనక వరసలోంచి ఎవరో, "ఇన్నేళ్లూ దెబ్బలు ఏ చెంప మీద పడ్డాయో కూడా చూసుకోలేదా మేష్టారూ?" అన్నారు. జనం నవ్వు ఆగేదాకా మైకు పట్టుకునే నిలబడ్డాను.

పాత చేటతో పద్నాలుగు రాళ్లు దొరికాయి. కొత్త చేటతో ఇరవై నాలుగు, అన్నీ కుడి మూలలోనే. దీపపు బుట్టలాయన చేట తీసుకుని ఆ మూలని బొటనవేలితో చాలాసేపు తడిమాడు.

"ఈ లోతు ఇట్టా తేవడం నాకు రాదు. కొట్టు ఆవిడకే ఇవ్వండి. నాకిస్తామన్న శాలువా మాత్రం వదులుకోను."

పెద్దాయన వెంటనే ఇంకో శాలువాకి మనిషిని తన కొట్టుకే పంపాడు. నేను డెబ్భై తొమ్మిది కొట్టేసి తొంభై ఒకటి రాశాను. ముసలావిడ వంగి చూసింది.

"మిగతా తొమ్మిది ఏమైనయ్యి బాబూ?"

"వేగంలో నాలుగు, నునుపులో నాలుగు, గట్టిదనంలో ఒకటి."

"చేట నున్నగా ఉంటే గింజలు కూడా జారిపోతాయ్."

ఆ నాలుగూ కూడా కలపాలేమో. కానీ మళ్లీ మైకు దగ్గరికి వెళ్లే ధైర్యం లేకపోయింది.

కొత్త చేటతో చెరిగిన బియ్యం మా ఇంటికే తెచ్చుకున్నాం. ఆ ఇరవై ఐదో రాయి మర్నాడు అన్నంలో నా పంటికింద పడింది. లెక్క సరిపోయింది.

ఇప్పుడు ఆవిడ షెడ్డులోనే అల్లుతోంది. మొన్న కూరగాయలకి వెళ్లినప్పుడు అరగంట నిలబడి చూశాను. ఒక్క బద్ద కూడా విరగలేదు. టేపూ పెన్సిళ్లూ పెట్టుకోవడానికి చిన్న బుట్ట కావాలన్నాను. ఎన్ని అంగుళాలో చెప్పబోతే ఆవిడ వినలేదు. ఆ టేపు జేబులోంచి తియ్యి, మళ్లీ పెట్టు అంది. తీశాను, పెట్టాను. చాలంది.

వారానికి బుట్ట ఇచ్చింది. కొలవలేదంటే అబద్ధం. ఇంటికి రాగానే కొలిచాను. ఒక పక్క అంచు పావు అంగుళం తక్కువ. డిపోలో బల్ల మీద పెట్టుకున్నాను. రెండు రోజులుగా టేపు కోసం ఎటు చెయ్యి చాపుతున్నానో గమనిస్తున్నాను.