బ్రేకు చూడని రంపం

పనిముట్లు అద్దెకిచ్చే ఆ దుకాణంలో నిచ్చెనలున్నాయి, గోడలకు కన్నాలు వేసే మిషన్లున్నాయి, నీళ్ళు తోడే మోటార్లున్నాయి. వాటిని ఎవరైనా తీసి ఇస్తారు. కరెంటు రంపాల జోలికి మాత్రం ఆమె తప్ప ఇంకొకరు వెళ్ళరు. అందుకే ఆమెను అందరూ రంపాలక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే ఒక్క క్షణం ఆగి, ఎవరినో అనుకుంటుంది.

దుకాణం ఆమె మరిదిది. పెళ్ళికి ముందు ఆమె బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసేది. ఆ పనితనం చూసే మరిది ఆమెను పనిలోకి రమ్మన్నాడు. అయితే ఆమె రంపాల దగ్గరే నిలిచిపోవడానికి అసలు కారణం వాళ్ళ నాన్న. ఆయన సామిల్లులో పాతికేళ్ళు పనిచేసి, ఎడమచేతికి మూడు వేళ్ళతో బయటపడ్డాడు. "మిగతా రెండూ ఇంకా మిల్లులోనే డ్యూటీ చేస్తున్నాయి," అని చుట్టాలను నవ్వించేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆమెకు ఎప్పుడూ నవ్వు రాలేదు.

ఆమె మనసుకు నిలకడ లేదు. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకం. తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తుంది, నాలుగడుగులు వేసి మూడోసారి చూస్తుంది.

"అనుమానం పెనుభూతం వదినా," అనేవాడు మరిది.

"భూతంతో కాపురం చేసుకుంటాలే. నీకేం?" అనేది ఆమె.

రంపం బయటికి వెళ్ళాలంటే ఆమె చేతిమీదుగా వెళ్ళాలి. ముందు ప్లగ్గు పీకేస్తుంది. చేతికి తొడుగు వేసుకుని పళ్ళున్న చెయిన్‌ను, అది చుట్టూ తిరిగే బార్ మీదినుంచి కాస్త పైకి లాగి వదులుతుంది. టక్కున వెనక్కి పోవాలి, కిందికి వేలాడకూడదు. పళ్ళు మొద్దుబారితే ఆకురాయి పట్టి, ప్రతి పంటికీ లెక్కగా అన్నే రుద్దులు రుద్దుతుంది. తరవాత కరెంటు పెట్టి, తిరుగుతున్న రంపం కొసను పాత అట్టముక్క ఎదురుగా పట్టుకుంటుంది. చెయిన్‌కు నూనె అందుతుంటే అట్ట మీద సన్నటి నూనె గీత పడాలి. ఆఖరున బ్రేకు. రంపం తిరుగుతుండగా, ముందు పిడికి ఎదురుగా, చేతికి అడ్డుగా ఉన్న కాపును మణికట్టుతో ముందుకు నెడితే, కన్ను మూసి తెరిచేలోగా చెయిన్ ఆగిపోవాలి. రంపం కొస దేనికైనా తగిలితే ఒక్కోసారి అది పాములా మొహం మీదికి లేస్తుంది. అప్పుడు మనిషికీ చెయిన్‌కూ మధ్య ఉండేది ఆ కాపూ, ఆ బ్రేకూ మాత్రమే.

ఆ రోజు మూడో నంబరు రంపం బల్ల మీద ఉంది. ముందురోజు సాయంత్రమే దాని అరిగిపోయిన బ్రేకు పట్టీ తీసేసి కొత్తది వేసింది. దుకాణం కట్టే వేళ కావడంతో తిప్పి చూడడం పొద్దుటికి వాయిదా వేసింది. పొద్దున్న బిగువు చూసింది, నూనె గీత చూసింది. బ్రేకు చూద్దామని రెండు చేతులా పట్టుకుని మీట నొక్కేలోగా కరెంటు పోయింది.

"ఇదొకటి!" అని రంపాన్ని బల్లమీద పెట్టి, నూనె చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. సబ్బు నురగ వదిలించుకుని, తుడుచుకుని వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

"మూడో నంబరేది?"

"ఇచ్చేశాను. లెక్కల మాస్టారొచ్చారు. ఆయనింట్లో గాలివానకి బాదం చెట్టు కొమ్మ విరిగిందట," అన్నాడు మరిది పుస్తకంలోంచి తలెత్తకుండానే.

"బ్రేకు చూడలేదు నేను!"

"నిన్న కొత్తది వేశావుగా?"

"వేశాను. పట్టుకుంటుందో లేదో ఎవడికి తెలుసు?"

అతను పెన్ను కింద పెట్టాడు. ఆమె అప్పటికే ఫోను తీసింది. మాస్టారి ఫోను మోగింది, మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అదే వరస.

"కంగారు పడకు వదినా. కరెంటే లేదుగా, ఆయన మాత్రం దేంతో కోస్తాడు?"

ఆ మాటతో ఆమెకు ఊపిరి ఆడింది, ఆ వెంటనే ఆగిపోయింది కూడా. అంటే కరెంటు వచ్చేలోగా తను అక్కడ ఉండాలి. పుస్తకంలో మాస్టారి చిరునామా చూసుకుని, మరిది స్కూటరు తాళాలు లాక్కుని బయటపడింది.

ఫ్యాన్లు ఆగిన ఇళ్ళలోంచి జనం గుమ్మాల్లోకి వచ్చి విసురుకుంటున్నారు. జిరాక్సు దుకాణం ముందు నలుగురు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. 'ఎప్పుడొస్తుందో ఏమిటో' అని ఊరంతా విసుక్కుంటుంటే, రాకూడదని కోరుకునేది తనొక్కతే. దారిలో కనబడిన ప్రతి కిటికీలోకీ చూసింది. ఫ్యాను రెక్కలు కదలడం లేదు. కదలకండి, కదలకండి అని లోపలే గొణుక్కుంది.

రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. వచ్చింది గూడ్సు. నత్తకు నడక నేర్పుతున్నట్టు వస్తోంది. ఆమె స్కూటరు మీద కూర్చోలేదు, దిగి నిలబడలేదు. ఒక కాలు నేలమీద, ఒక కాలు పైన, కాలుగాలిన పిల్లిలా ఉంది. మళ్ళీ ఫోను చేసింది. ఎవరూ తీయలేదు. పెట్టెలు లెక్కపెడుతూ ముప్పై ఒకటి దగ్గర తప్పిపోయింది.

అప్పుడు గేటు పక్కన దర్జీ కొట్లో మిషను గర్రుమంది. ఎదురుగా హోటల్లో రేడియో అందుకుంది. ఎవరో "హమ్మయ్య!" అన్నారు.

గేటు లేవడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల్లో ఆమె కళ్ళముందు మాస్టారు పదిసార్లు రంపం పట్టుకున్నాడు, పదిసార్లూ అది మొహం మీదికే లేచింది.

నీళ్ళట్యాంకు వెనక సందు తిరగగానే రంపం చప్పుడు వినిపించింది. ఒకసారి పెద్దగా అరుస్తోంది, ఒకసారి కొమ్మలో దిగి మూలుగుతోంది. వినిపిస్తోందంటే మనిషి బాగానే ఉన్నాడని ఒక పక్క అనుకుంది. ఇంకా ఎంతసేపో అని మరో పక్క. గేటు తోసుకుని వెళ్ళింది. మాస్టారు నిచ్చెన మీద ఉన్నాడు. రంపం తలకన్నా ఎత్తుకు లేపి, విరిగి వేలాడుతున్న కొమ్మను కోస్తున్నాడు. వైరు ఆయన భుజం మీదుగా జారి కిటికీలోకి వెళ్ళింది.

అరవబోయి నోరు మూసుకుంది. ఉలిక్కిపడితే పడిపోతాడు. చరచరా ఇంట్లోకి దూరింది. వంటింట్లో మాస్టారి భార్య కూరలు తరుగుతోంది.

"ఎవరమ్మా నువ్వు?"

"రంపాల దుకాణం నుంచండీ. ప్లగ్గెక్కడ?"

ఆవిడ కత్తితోనే ఫ్రిజ్ పక్కకు చూపించింది. ఫ్రిజ్ మీద మాస్టారి ఫోను సైలెంటులో నోరు నొక్కేసుకుని పడుంది. రంపానికి తగిలించిన సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు, సగం చుట్ట విప్పకుండా, ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేంత వేడిగా ఉంది. ఆమె ప్లగ్గు పీకేసింది.

బయట చప్పుడు ఆగింది. "ఛీ, మళ్ళీ పోయింది!" అన్నాడు మాస్టారు.

ఆమె బయటికి వచ్చింది. "పోలేదండీ, నేనే తీశాను. ముందు రంపం కిందికి అందించి, మెల్లగా దిగండి."

దిగి, కళ్ళద్దాల మీది పొట్టు తుడుచుకుని ఆమెను పోల్చుకున్నాడు. "నువ్వా అమ్మా! మంచిపని చేశావు వచ్చి. దీనికేదో లూజు కాంటాక్టుంది. ఇందాక కొస ఆ పక్క కొమ్మకి తగిలిందనుకుంటా, కస్సుమని మీదికి లేచింది. అంతలోనే టక్కున ఆగిపోయింది. ఈ ముందు కాపు వెనక్కి లాగితే మళ్ళీ తిరిగింది."

ఆమె అరుగు మీద కూలబడింది.

"అది లూజు కాంటాక్టు కాదు మాస్టారూ. అది బ్రేకు, మీ మణికట్టు ఆ కాపుకి తగిలి పడింది. మీ మొహం అదే కాపాడింది."

మాస్టారు చెంప తడుముకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ భార్య చేతిలో కత్తి అలాగే ఉంది. "ఏమిటీ, మొహం మీదికి లేచిందా? నాతో చెప్పలేదేం?"

"చెప్తే ఆపమంటావని."

"ఆపమననా మరి! జన్మంతా పిల్లలకి ఎక్కాలు చెప్పారు, నిచ్చెన మీద రంపం పట్టుకోకూడదన్న ఒక్క లెక్క రాలేదా?"

రంపాలక్క తను వచ్చిన పని మరిచిపోలేదు. వైరు పూర్తిగా విప్పి, ప్లగ్గు పెట్టించి, రెండు కాళ్ళూ ఎడంగా నేలమీద ఆనించి రంపం తిప్పింది, కాపును మణికట్టుతో నెట్టింది. చెయిన్ చచ్చినట్టు ఆగింది. నాలుగుసార్లు చూసింది. నాలుగుసార్లూ ఆగింది. అంత దూరం పరుగెత్తించిన భయంలో పస లేదని తేలింది. కానీ ఈ నిచ్చెన సంగతీ, ఈ వేడెక్కిన వైరు సంగతీ దుకాణంలో కూర్చుని తను ఒక్కసారీ అనుకోలేదు. రంపాన్నే పన్నెండేళ్ళు పరీక్షించింది. పట్టుకునే మనిషిని ఎప్పుడైనా పరీక్షించిందా? ఆ ఆలోచన ఆమెను ముల్లులా పొడిచింది.

కింద పడి ఉన్న కొమ్మలను మాస్టారి చేతనే కోయించింది. రెండు చేతులా, బొటనవేళ్ళు పిడి చుట్టూ. మొహం రంపానికి సూటిగా కాకుండా ఓ పక్కకి. కొస దేనికీ తగలకుండా. వైరు ఎప్పుడూ వెనక. మాస్టారు మంచి విద్యార్థిలా తలాడించాడు. వేలాడే కొమ్మను మాత్రం ముట్టుకోనివ్వలేదు. తాళ్ళతో చెట్టెక్కి కొట్టేవాణ్ణి ఎరుగుదును, రేపు పంపిస్తానంది.

దుకాణానికి తిరిగొచ్చి మరిదితో గొడవ పెట్టుకుంది. ఇకనుంచి రంపం అడిగినవాళ్ళు పెరట్లో దుంగ మీద ఆమె ఎదురుగా ఒక కోత కోసి చూపించాలి. లేకపోతే రంపం లేదు.

"అద్దెకొచ్చినవాళ్ళకి పరీక్షలు పెడితే ఎవడొస్తాడు వదినా?"

"వచ్చినవాడు మళ్ళీ రెండు చేతులతో రావాలి కదా!"

కొందరు కస్సుమని వేరే దుకాణానికి వెళ్ళారు. ఒకాయన, "నేను పుట్టిందే చెట్ల మధ్య," అన్నాడు. దుంగ మీద చెయిన్ పెట్టగానే రంపం వదిలేసి ఒక గెంతు గెంతాడు. ఆయనకు చేతిరంపం ఇచ్చి పంపారు. నెల తిరక్కుండా మరిదే పెరట్లో దుంగకు పైన రేకు కప్పు వేయించాడు, ఎండకు వదిన మాడిపోతోందని.

ఆ రేకు కింద ఇప్పుడామె రోజంతా ఉంటుంది. కూర్చోమని ముక్కాలిపీట వేశారు గానీ దాని మీద ఎప్పుడూ ఆకురాళ్ళే ఉంటాయి. ఆమె మాత్రం కోసేవాడి చేతులకేసి చూస్తూ, దుంగ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.