రెండు భాషల సాకు

కన్నడా తెలుగూ కలిపి మాట్లాడే మా ఊళ్లో, బ్రూస్‌పేటలో, నాతో చదువుకున్నవాడొకడు చేత్తో దుకాణాల బోర్డులు రాస్తాడు. నా కొత్త కారు చూపిద్దామని మొన్న వాడి దగ్గరికి వెళ్లాను. ఒక షావుకారు ఇంకో బోర్డు రాయమని బతిమాలుతున్నా వాడు కుంచె కడిగేశాడు.

“సాకప్పా. ఈపొద్దుకు ఒకటి రాసినా. మిద్దెమీద నా పావురాలు కాసుకోని ఉండాయి.”

కన్నడలో సాకంటే చాలు. అది తెలిసీ, వాడు బద్ధకానికి సాకు చెప్తాడని ఇన్నేళ్లూ నేనే ఊరంతా చాటాను. వాడు కారు వైపు చూడనే లేదు. మిద్దెమీద వాడి ఈల వింటూ కారు తాళాలు తిప్పుకుంటూ కింద కూర్చున్నాను.

ఆఫీసులో నాలుగు ప్రమోషన్లు కొట్టిన నా నోట కన్నడ సాకు ఒక్కసారీ రాలేదు. తెలుగు సాకు మాత్రం, ఇంటికి ఆలస్యమైన ప్రతిసారీ మా ఆవిడకు చెప్తూనే ఉన్నాను.