అలా కూడా చెయ్యొచ్చు

ఆ వసంతమంతా సాయంత్రం, తను పనిచేసే కళ్లజోళ్ల దుకాణం కట్టేశాక లోర్నా హాస్కెట్ తిన్నగా ఇంటికి వెళ్లేది కాదు. ఇంటి ముందు నుంచే కారు ముందుకు పోనిచ్చి చర్చి వీధి, బడి వీధి, నీళ్ల ట్యాంకు వెనక వీధి చుట్టి వచ్చేది. ఎవరి పచ్చికలోనైనా ‘అద్దెకు’ అన్న బోర్డు కొత్తగా పాతారేమోనని చూసేది. కార్వర్ గ్రోవ్‌లో అలాంటి బోర్డులు అరుదు. ఇక్కడ దాదాపు అందరివీ సొంత ఇళ్లే. అద్దెకుండేవాళ్లని ఇంటాయన పేరుతోనే గుర్తుపెట్టుకుంటారు. లోర్నా అంటే ‘క్రౌజ్ ఇంట్లో కింద ఉండే ఆవిడ’.

మిల్వాకీ నగరానికి పడమరగా, హైవేని ఆనుకుని ఉన్న ఊరు మాది. హైవేకి ఇవతల ఇల్లుంటే పిల్లలకి మా హైస్కూలు, అవతల ఉంటే పక్క ఊరి హైస్కూలు. లోర్నా వెతుకులాటంతా ఇవతలే. కూతురు టెస్సాకి పదహారేళ్లు. బ్యాండులో ట్రాంబోన్ అనే పొడుగాటి ఇత్తడి బాకా వాయిస్తుంది. వచ్చే ఏడాదితో బడి చదువు అయిపోతుంది. హైవే దాటితే ఆ చివరి ఏడాది ముక్కూమొహం తెలియని పిల్లల మధ్య గడపాలి. తల్లి ఉద్యోగాల వల్ల, ఆ తర్వాత విడాకుల వల్ల టెస్సా ఇప్పటికే చాలా బళ్లు మారింది. ఇంక మార్చనని లోర్నా మాటిచ్చింది.

ఇలినాయ్ నుంచి వచ్చి వాళ్లు ఈ ఇంట్లో దిగిన రోజే ఇరుగుపొరుగు వంటకాలు పట్టుకొచ్చారు. నూడుల్స్‌లో ట్యూనా చేప కలిపి పైన చీజు పరిచి కాల్చినది ఒకరు, రబర్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన కేకు ఒకరు. గిన్నెల అడుగున ఎవరి పేరు వాళ్లు అంటించుకున్నారు. “సర్దుకున్నారా?” అని అడిగితే “సర్దుకుంటున్నాం” అంది లోర్నా. రెండేళ్లయినా అదే జవాబు. పటాలు గోడలకి ఆనించి ఉన్నాయి గాని మేకు కొట్టలేదు. పక్కనే ఉన్న మా ఇంటికి వచ్చినా కుర్చీ అంచు మీదే కూర్చుంటుంది, బస్సొస్తే లేచిపోవాలన్నట్టు.

ఇంటాయన వెర్లిన్ క్రౌజ్ పై అంతస్తులో ఉంటాడు. ఊరి నీటి సరఫరాలో పనిచేసి రిటైరయ్యాడు. మంచు పడ్డ రోజు ఆమె లేచేలోపే కారు దాకా దారి తవ్వేసి ఉంచుతాడు. థాంక్స్ చెబుదామని పైకి వెళితే తలుపు తీయడు. ఆయన భార్య ఆర్డిస్ ఉన్నన్నాళ్లూ ఆయన మాటకి అర్థం ఆవిడే చెప్పేది. ఆయన “ఏమో మరి” అంటే, “సరేనంటున్నాడమ్మా” అనేది. ఆయన “బానే ఉంది” అంటే, “నచ్చలేదు, తీసెయ్యి” అనేది. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆయన మాట తీరు మాత్రం మారలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఆయన హీటరు ఫిల్టరు మార్చడానికి కిందికి వచ్చాడు. ఆయన నేలమీద మోకాళ్లు ఆనించి ఉండగా, లోర్నా పళ్లాలు తుడుస్తూ, ఆయన వైపు చూడకుండానే అంది.

“క్రౌజ్ గారూ, జూన్‌లో ఒప్పందం అయిపోయాక ఇంకో ఏడాది ఉందామనుకుంటున్నాం. టెస్సా చదువు అయ్యేదాకా.”

ఆయన పాత ఫిల్టరు పైకెత్తి వెలుతురులో చూశాడు. “దుమ్ము బాగా పట్టింది” అన్నాడు. కొత్తది బిగిస్తూ, “అలా కూడా చెయ్యొచ్చు” అన్నాడు.

“అయితే సరే.”

“సరే అయితే.”

ఆయన తొడల మీద చేత్తో ఒక్కటి చరుచుకుని లేచి వెళ్లిపోయాడు.

ఈ మాటకి మా ఊళ్లో ఒకటే అర్థం, వద్దని. చర్చి హాల్లో ఊదారంగు తివాచీ వేద్దామని ఒకావిడ అంటే కమిటీ అంతా “అలా కూడా చెయ్యొచ్చు” అన్నారు. వచ్చింది బూడిద రంగుది. వద్దని ఆవిడతో ఎవరూ అనలేదు, ఎందుకని ఆవిడా అడగలేదు. లోర్నా పుట్టి పెరిగింది కూడా ఇలాంటి ఊళ్లోనే. ఆ మాట చెవిన పడగానే ఆమె చేతిలో పళ్లెం తుడవడం ఆగింది.

రాత్రి భోజనాల దగ్గర టెస్సా అడిగింది. “అమ్మా, ఆయన్ని అడిగావా?”

“అడిగాను.”

“ఏమన్నాడు?”

“అలా కూడా చెయ్యొచ్చు అన్నాడు.”

టెస్సా ఫోర్కు కింద పెట్టింది. “అమ్మో! అంత గట్టిగానా?”

“అరవకు. పైకి వినబడుతుంది.”

“మనమేం చేశామమ్మా? నా ట్రాంబోనా?”

“నీ ట్రాంబోనూ కాదు, ఏమీ కాదు. తిను.”

టెస్సా తిన్లేదు. మర్నాటి నుంచి గ్యారేజీలో, కారు లోపల కూర్చుని వాయించడం మొదలెట్టింది. పైన వెర్లిన్‌కి అది వినబడడం మానేసింది. ఆ పిల్లకి ఇల్లు విసుగెత్తిందని ఆయన అనుకున్నాడు.

మార్చిలో లోర్నా సరుకుల దుకాణం వెనక నుంచి ఖాళీ అట్టపెట్టెలు తేవడం మొదలుపెట్టింది. హైవేకి ఇవతల దొరికినవి రెండే ఇళ్లు. ఒకటి శవపేటికల దుకాణం గ్యారేజీ మీద గది. రెండోది ఆమె ఫోన్ చేసేలోపే ఎవరికో ఇచ్చేశారు. దుకాణంలో ఒకాయన కళ్లజోడు వంకర సరిచేస్తూ సరిచేస్తూ దాన్ని రెండో వైపుకి వంచేసింది. ఆదివారం మధ్యాహ్నం కూడా కారు తీసేది. “ఎక్కడికే మళ్లీ?” అని మా ఆవిడ పలకరిస్తే, “ఊరికే, గాలికి” అనేది, ఇంజను ఆపకుండా.

శుక్రవారం సాయంత్రం సారాకొట్లో వేయించిన చేప తినడానికి సగం ఊరు వస్తుంది. ఏప్రిల్‌లో అలా ఒక రోజు నా పక్క స్టూలు మీద వెర్లిన్ కూర్చున్నాడు. వడ్డించే బెవ్ చేప పళ్లెం ఆయన ముందు తోసింది.

“ఏం వెర్లిన్, కింది వాళ్లు వెళ్లిపోతున్నారటగా?”

“అలాగే ఉంది. ఉంటామంది, ఉండమన్నాను. మరి మనసు మార్చుకున్నట్టుంది.”

“అడగలేకపోయావా, మొద్దూ?”

“నాకెందుకు? వాళ్ల ఇష్టం.” ఆయన నిమ్మచెక్క పిండాడు. “పైగా మా షెరిల్ ఒకత్తి. ఫోన్ చేసి, ఆ ఇల్లు నేను తీసుకోనా చిన్నాన్నా అంది. మొగుడూ, మూడు కుక్కలూ. వద్దనే చెప్పాను.”

“వద్దనే అన్నావా?”

“అలా కూడా చెయ్యొచ్చు అన్నాను.”

బెవ్ నన్ను చూసింది. షెరిల్ ఇరవై ఏళ్లుగా అరిజోనాలో ఉంటోంది. అక్కడ ఎవరైనా చెయ్యొచ్చంటే చెయ్యొచ్చనే. ఆమె అప్పటికే అక్కడి ఇల్లు ఖాళీ చేస్తానని నోటీసిచ్చింది. ఆ సంగతి వెర్లిన్‌కి మే నెల మొదట్లో, ఆమె మళ్లీ ఫోన్ చేసి కుక్కలకి కంచె ఎంత ఎత్తుందని అడిగినప్పుడు తెలిసింది.

ఆ వారమే ఆయన కిందికి దిగి తలుపు కొట్టాడు. టోపీ చేతిలో ఉంది. హాల్లో అట్టపెట్టెలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. టెస్సా గిన్నెలో మొక్కజొన్న అటుకులు, పాలు పోసుకుని తింటోంది.

“సామాను బరువుగా ఉంటుందేమో. నా ట్రక్కు ఖాళీగానే ఉంది” అన్నాడు.

“మీకు శ్రమ.”

“శ్రమేం లేదు. ఎటు తోలమంటావ్?”

“ఇంకా ఏదీ దొరకలేదండీ.”

ఆయన టోపీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “దొరక్కుండానే వెళ్లడమెందుకమ్మా?”

“మీరు అన్నారుగా.”

“నేనన్నది ఉండొచ్చనేగా.”

“అదే... అలా అన్నారనే.”

ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు. వాన వచ్చేట్టుందని ఆయన అన్నాడు. రావచ్చని ఆమె అంది. టెస్సా గిన్నె ఠక్కున బల్ల మీద పెట్టింది.

“మీరిద్దరూ ఇలాగే ఉంటే నేను హైవే అవతల ముసలిదాన్నయిపోతాను. క్రౌజ్ గారూ, మేం వెళ్లిపోవాలని మీకుందా?”

“లేదు.”

“అమ్మా, నీకుందా?”

“లేదు.”

“మరి రోజూ కార్లో ఎందుకు వాయించాను నేను!”

“కార్లోనా?” అన్నాడు వెర్లిన్. “నువ్వు మానేశావనుకున్నా. పొద్దుపోవడం లేదు నాకు.”

అప్పుడాయన షెరిల్ సంగతి చెప్పాడు. లోర్నా కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఆమెకి మీరు వద్దని చెప్పగలరా?”

“చెబుతా.”

“ఎలా చెబుతారు? ఏదీ, నాకు చెప్పండి” అంది టెస్సా.

“అంటే... ఇక్కడ చలి ఎక్కువనీ...”

“కాదు. ఒక్క మాట.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. “వద్దు” అన్నాడు, చర్చిలో దగ్గినంత మెల్లగా. టెస్సా మళ్లీ అనమంది. మూడోసారికి మామూలు గొంతుతో అన్నాడు.

వాళ్లెదుటే ఫోన్ చేశాడు. ముందు అరిజోనా ఎండల గురించి, కుక్కల గురించి, షెరిల్ మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు. లోర్నా ఒకచోట ఉండలేక కిటికీ దాకా వెళ్లి వచ్చింది, మళ్లీ వెళ్లింది. చివరికి ఆయన కళ్లు మూసుకుని, “షెరిల్, ఇల్లు వద్దమ్మా. ఇవ్వను” అన్నాడు. అటువైపు ఆమె ఏం అరిచిందో గది మధ్య దాకా వినబడింది. నోటీసు వెనక్కి తీసుకోడానికి అక్కడి ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. నెల తిరక్కముందే ఆమె అరిజోనాలోనే, ఫీనిక్స్‌లో ఇంకో చోట చేరిందని విన్నాం. చిన్నాన్నకి మళ్లీ ఫోన్ చెయ్యలేదు. ఏటా ఆయన పుట్టినరోజుకి వచ్చే కార్డు ఈసారి రాలేదు.

కొత్త ఒప్పందం మీద వెర్లిన్, లోర్నా వంటింటి బల్ల దగ్గరే సంతకాలు పెట్టారు. అది వచ్చే ఏడాది జూన్ నెలాఖరు దాకా. టెస్సా బడి చదువు జూన్ మొదటి వారంలో అయిపోతుంది. ఆ తర్వాత సంగతి లోర్నా ఎత్తలేదు, ఆయనా అడగలేదు.