మధ్యాహ్నం ట్యూన్ చేసిన బండి

చలికాలంలో, రేపల్లెలో నా పెళ్లిచూపులు. మాటల్లో అమ్మాయి తండ్రి తన పాత మోటార్‌సైకిల్ సరిగా లాగడం లేదన్నారు. నేను మెకానికల్ ఇంజనీరునని చూపించుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం రాదనిపించింది. వేడికి గాలి పల్చబడుతుందని, కార్బ్యురేటర్‌లో పెట్రోలు తగ్గించాలని చిన్న ఉపన్యాసమిచ్చి, మిట్టమధ్యాహ్నం ఎండలో ట్యూన్ చేశాను. బండి చక్కగా పలికింది. అమ్మాయి గుమ్మంలోంచి చూసింది.

మర్నాడు పొద్దున్నే ఆయన జవాబు చెప్పడానికి బాపట్లలోని మా ఇంటికి బయల్దేరారు. చెరుకుపల్లి నుంచీ మంచులో బండి ఆగుతూనే వచ్చిందట. చివరి రెండు కిలోమీటర్లు తోసుకొచ్చారు. గేటు దగ్గర ఆయన్ని చూడగానే సంబంధం పోయిందనుకున్నాను.

"ఎండకి సరిచేశానండి. పొద్దుటి చలికి ఆ పెట్రోలు చాలదని ఆలోచించలేదు," అన్నాను.

"మంచులో ఆగిపోద్దని మా అమ్మాయి నిన్ననే చెప్పింది బాబూ. నేనే వినలేదు. ఇంజనీరు చేశాడు కదా అని."

"మరి... సంబంధం?"

"సరేనంది. బండి మాత్రం ముట్టుకోవద్దంది."

పెళ్లయి నాలుగేళ్లయింది. చలికాలం రాగానే కార్బ్యురేటర్ ఆవిడే సరిచేస్తుంది. నేను టార్చి పట్టుకుంటాను, అదీ చెప్పిన వైపుకే.