మైసయ్య జాడీలో బండపువ్వు

గాజులో మొక్కను పెంచే పిచ్చి వెనకటికి ఒక లండన్ డాక్టరుకు, పురుగు గూటిని మట్టితో సహా సీసాలో పెట్టి చూస్తుంటే, అందులో మొక్క మొలిచి పట్టిందట. సూర్యాపేట కాలేజీలో బోటనీ ల్యాబు అటెండరు మైసయ్యకు మాత్రం చిన్నప్పుడు గొర్రెలు కాస్తుండగా పట్టింది. చివ్వెంల గుట్టల మీద, వానాకాలం నీళ్లు జాలువారే బండల సందుల్లో, వేలెడంత కూడా లేని కాడకు పెసరగింజంత పువ్వు పూసేది. గొర్రె కూడా మూతి పెట్టేది కాదు. ఊళ్లో దానికి పేరే లేదు. మైసయ్యే బండపువ్వు అన్నాడు.

"గుట్ట దిగితే అది బతకదు మైసయ్యా" అని లెక్చరర్ ఒకాయన నవ్వడంతో పంతం పుట్టింది. పువ్వు జాడీలో పూయాలి, గుట్ట మీది రంగే వస్తుందో లేదో తను కళ్లారా చూడాలి. 1989లో బిస్కెట్ల జాడీలో నాచు పరిచి నాటాడు. మూత పెట్టి ఎండలో ఉంచితే మధ్యాహ్నానికి ఉడికిపోయింది. మరుసటేడు బోరు నీళ్లు పోశాడు. ఆ నీళ్లకు బిందెలే తెల్లగా పొర కడతాయి, మొక్క ఎంత? మూడో ఏడు వాన నీళ్లు డబ్బాకు పట్టి, కిటికీ నీడన పెట్టి, రోజూ కాసేపు మూత తీసి గాలాడించాడు. అక్టోబరులో నువ్వుగింజంత మొగ్గ వచ్చింది. సరిగ్గా అప్పుడే కోదాడలో సప్లిమెంటరీ ప్రాక్టికల్స్ డ్యూటీ పడింది, మూడు రోజులు.

"జాడీ జోలికి ఎవ్వలూ పోవద్దు" అని భార్య ఆండాలుకు పదిసార్లు చెప్పి బస్సెక్కాడు.

తిరుగు బస్సు మునగాల ధాబా ముందు గంటసేపు ఆగింది. డ్రైవరును తిట్టుకుంటూ ఇల్లు చేరేసరికి జాడీలో ఆకులు నల్లబడి, కాడ వాలిపోయి ఉంది. పక్కనే బావమరిది పెద్దయ్య, మిర్యాలగూడ దగ్గర కాలువ కింద వరి చేసే మనిషి, తీరిగ్గా చాయ్ తాగుతున్నాడు.

"ఎవలు ముట్టిండ్రు దీన్ని?"

"నేనే బావా. పాలిపోయి ఉన్నది, సూడలేకపోయిన. చిటికెడు యూరియా ఏసిన."

"యూరియానా! ఇదేమన్న నీ వరిమడి అనుకున్నవా?"

నిగనిగలాడని ఆకు కనబడితే కాలువ కింది రైతు చెయ్యి ఊరుకోదు. పరాయివాడి చేను పక్కన నడిచినా అదే సలహా ఇస్తాడు.

"గింత మొక్కకు గంత లొల్లా? గులాబీ తెచ్చిస్త తియ్యి."

వంటింట్లోంచి ఆండాలు అందుకుంది. "లొల్లెందుకు? పువ్వు పూసింది గద, మొన్న పొద్దుగాల. మరీ సిన్నగున్నదని నేనంటేనే తమ్ముడు యూరియా ఏసిండు."

మైసయ్య జాడీని దగ్గరికి లాక్కున్నాడు. నాచంతా వేలితో వెతికాడు. రాలిన రెక్క కూడా దొరకలేదు.

"ఏం రంగు?"

"ఏమో... వంకాయ పువ్వు తీరు."

"తీరంటే? ఊదానా, నీలమా?"

"నువ్వొచ్చి సూస్తవు గద అని నేను సక్కగ సూడలె. పొయ్యి మీద కూరున్నది."

"రెక్కలెన్ని? ఎటు దిక్కు తిరిగున్నది?"

"అబ్బ, పోలీసోని లెక్క అడుగుతవేంది!"

మైసయ్య పెద్దయ్య వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పురా. పువ్వెట్లున్నది?"

పెద్దయ్య గ్లాసు కింద పెట్టి నిజాయితీగా ఆలోచించాడు.

"పువ్వా? నేను ఆకులే సూసిన బావా."