ఆడిట్ ఇన్సూరెన్సూ, ఆంటీ కొసరూ

చదువు అయిపోయి, ఉద్యోగం ఇంకా కుదుటపడని ఆ రోజుల్లో మనిషికి తనకన్నీ తెలుసనే ధైర్యం ఒకటి ఉంటుంది చూడండి, అది మళ్ళీ జన్మలో రాదు. సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లో ఒక తెలుగాయన నడిపే అకౌంటింగ్ ఆఫీసులో జూనియర్‌గా చేరేనాటికి నా దగ్గర ఆ ధైర్యం బస్తాల కొద్దీ ఉండేది. ఆయన్ని మనవాళ్ళంతా ట్యాక్స్ అంకుల్ అనేవారు. నవ్వితే ఫీజు తగ్గించమంటారని నవ్వడం మానేసిన మనిషి. ఆయన నాకు అప్పగించిన మొదటి పని, చిన్న వ్యాపారాల వాళ్ళచేత ఆడిట్ ఇన్సూరెన్స్ కట్టించడం. రేపెప్పుడైనా ట్యాక్స్ ఆఫీసు వాళ్ళు లెక్కలు తవ్వడం మొదలుపెడితే, జవాబులు చెప్పడానికి మేము తీసుకునే ఫీజు ఆ పాలసీ కడుతుందన్నమాట. చెప్పడానికి ఇంతే. కానీ మనవాళ్ళ ముందు ఆడిట్ అనే మాట ఎత్తడం పెళ్ళిచూపుల్లో విడాకుల గురించి అడగడం లాంటిది. శుభమా అని రిటర్న్ వేసుకుంటుంటే ఆ పాడు మాటలెందుకని ఒకరు కసిరారు. తప్పు చేసినవాడే ముందుగా భయపడతాడు, నేనెందుకు కట్టాలని ఇంకొకరు నన్నే నిలదీశారు.

నా ధైర్యానికి పడిన ఒకే ఒక్క చేప, స్కోఫీల్డ్స్‌లో పిండివంటల కొట్టు నడిపే, చదువుకునే రోజుల నుంచీ నాకు తెలిసిన కోనసీమ దంపతులు. జంతికల ఆంటీ, ఆవిడ భర్త అంకుల్. (జంతికలని ఆవిడ అనేవారు. వరంగల్ పిల్లనైన నేను మురుకులనేదాన్ని. ఈ విషయంలో మా మధ్య ఏనాడూ సంధి కుదరలేదు.) నేను గడగడా ఉపన్యాసం ఇచ్చి ఒప్పించానని పొంగిపోయాను గానీ, అసలు సంగతి తర్వాత తెలిసింది. పాపం పిల్ల ఎండనపడి వచ్చింది, ఏదోటి కట్టేయండని ఆంటీ లోపలికి వెళ్ళి అంకుల్‌కి చెప్పారట.

కట్టాక మొదలైంది అంకుల్ బాధ. డబ్బు కట్టిన వస్తువు వాడకుండా ఉండటం ఆయన రక్తంలో లేదు. బఫేకి వెళ్తే సూపుతో సహా రుచి చూడనిదే లేవని మనిషి. కనిపించినప్పుడల్లా, "ఏమ్మా, ఇంకా మనకి ఆడిట్ రాలేదేంటి? కట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా?" అని అడిగేవారు. రాకపోవడమే మంచిదని ఎంత చెప్పినా ఆయనకి ఎక్కలేదు. చివరికి తథాస్తు దేవతలు ఆస్ట్రేలియాలో కూడా తిరుగుతున్నారని రుజువైంది. ట్యాక్స్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన పెళ్ళి కుదిరినంత సంబరంగా మాకు ఫోన్ చేసి, ఇక అంతా ఇన్సూరెన్సు వాళ్ళే చూసుకుంటారు కదా అన్నారు.

"లేదంకుల్, పాలసీ మా ఫీజు మటుకే కడ్తది. ట్యాక్స్ ఏమన్న పడితె అది మీరే కట్టాలె" అన్నాను.

"అదేం ఇన్సూరెన్సమ్మా? డాక్టరు ఫీజు వాళ్ళిచ్చి, రోగం మమ్మల్ని పడమంటారా?" అన్నారాయన. ఆ పాలసీ గురించి అంత చక్కగా చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

ఉత్తరంలో ఉన్న అనుమానం చిన్నదేం కాదు. ఇలాంటి కొట్లన్నిటి లెక్కలతో పోల్చి చూస్తే, వీళ్ళు కొనే పిండికీ నెయ్యికీ అమ్మకాలు చాలా ఎక్కువ ఉండాలి. లేవు. అంటే చేతికొచ్చిన క్యాష్ దాచేశారని అర్థం. అదే నిజమని తేలిస్తే వెనకటి సంవత్సరాలకి కూడా ట్యాక్సూ, దానిమీద పెనాల్టీ వేస్తారు. ఆ దెబ్బకి కొట్టు మూసుకోవడమే. ట్యాక్స్ అంకుల్ ఇద్దర్నీ ఆఫీసుకి పిలిచి, తలుపు వేసి, ఉన్నదున్నట్టు చెప్పమని అడిగారు. ఆంటీ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. "పైసా దాచలేదండి. కావాలంటే దేవుడి మీద ఒట్టండి" అన్నారు. ట్యాక్స్ ఆఫీసుకి దేవుడి మీద ఒట్టు చాలదు కదా. అసలు సరుకంతా ఎటు పోతోందో చూసి రమ్మని ట్యాక్స్ అంకుల్ నన్ను కొట్టుకి పంపారు.

ఒక మూల స్టూలు వేసుకుని కూర్చున్నాను. (ఆంటీ పళ్ళెం నిండా కాజాలు పెట్టారు. విధి నిర్వహణలో భాగంగా తిన్నాను.) మొదట వచ్చినావిడ పావుకిలో జంతికలు కొన్నారు. ఆంటీ తూచి, సంచీలో పోసి, ఆపైన గుప్పెడు తీసి వేశారు. పక్కనున్న పిల్లాడి చేతిలో ఒక సున్నుండ పెట్టారు. తర్వాతాయన భార్య కడుపుతో ఉందని తెలిసి అరడజను అరిసెలు విడిగా కట్టారు. ఇలా సాయంత్రం దాకా చూశాను. అమ్మకం తక్కువ, కొసరు ఎక్కువ. దొంగ దొరికాడని లేవబోయి మళ్ళీ కూలబడ్డాను. యూనివర్సిటీలో చదివే రోజుల్లో ప్రతి శుక్రవారం నేనూ ఇక్కడ పావుకిలో కొనేదాన్ని. వారమంతా నా రాత్రి భోజనం ఆ పావుకిలో కాదు, దాంతో వచ్చిన కొసరు. అంటే ట్యాక్స్ ఆఫీసు వెతుకుతున్న సరుకులో కొంత నా కడుపులోనే మాయమైంది.

కొన్నాళ్ళు కొసరు తూచి రాసిపెడితే రుజువుగా చూపించవచ్చని చెప్పాను. ఆంటీ గరిట పక్కన పెట్టేశారు. "కొసరు తూస్తే అదింక కొసరెలాగవుద్దమ్మా?" అన్నారు. కొట్టు పోయినా సరే, ఆ పని మాత్రం చెయ్యనన్నారు. నాలుగేళ్ళ డిగ్రీలో దీనికి జవాబు ఎవరూ చెప్పలేదు. ఇంక దారిలేక, వాళ్ళనే వచ్చి చూసుకోమని ట్యాక్స్ ఆఫీసుకి రాశాం.

వచ్చిన ఆఫీసరు మర్యాదస్థురాలు, కానీ ఇనప మనిషి. అంకుల్ ఎదురెళ్ళి, వీ హావ్ ఇన్సూరెన్స్ అని డ్రైవింగ్ లైసెన్సు చూపించినంత ధీమాగా చెప్పారు. ఆంటీ పళ్ళెం తేబోతే, కానుకలు తీసుకోకూడదని ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. ఓ గంట చూశాక మాత్రం ఆవిడే లేచి, తన కార్డుతో పావుకిలో జంతికలు కొన్నారు. ఆంటీకి ఆఫీసరైతే ఏంటి, ఇంకొకరైతే ఏంటి, చెయ్యి దానంతటదే గుప్పెడు తీసి వేసేసింది. ఆవిడ తీసి పక్కన పెట్టారు. ఆంటీ మళ్ళీ వేశారు. ఆవిడ కాసేపు ఆంటీనే చూసి, ఆ సంచీని తీసుకెళ్ళి తూకం మీద పెట్టి, అంకె రాసుకుని, గుప్పెడు తిరిగి పళ్ళెంలో పోసి వెళ్ళిపోయారు. కొన్ని వారాలకి, కొసరు కూడా కలిపితే సరుకు లెక్క సరిపోయిందనీ, అనుమానం తీరిందనీ జవాబు వచ్చింది. మా ఫీజంతా ఇన్సూరెన్స్ కట్టింది, నేను కాజాలు తింటూ కూర్చున్న గంటలతో సహా. అంకుల్ నా తల మీద చెయ్యి వేసి, వసూలైందమ్మా అన్నారు.

ఇప్పుడు మెల్‌బోర్న్‌లో, వెర్రిబీలో నాకే ఒక ఆఫీసు ఉంది. ఆ పాలసీ కట్టాలా వద్దా అని అడిగేవాళ్ళకి బుద్ధిగా చెప్తాను. జీతం తప్ప వేరే రాబడి లేకపోతే అక్కర్లేదు, క్యాష్ ఆడే కొట్టు ఉంటే ఆలోచించండి, అది ఏది కట్టదో ముందు చదువుకోండి అని. మునుపటి ధైర్యం లేదు కాబట్టి ఇప్పుడు నలుగురూ నమ్ముతున్నారు. ఆంటీ వాళ్ళు కొట్టు అమ్మేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. నాకు మురుకులు తినబుద్ధయితే ఇక్కడి షాపులో సీలు వేసిన పాకెట్ కొంటాను. బరువు గ్రాములతో సహా అచ్చు వేసి ఉంటుంది, ఏ ఆడిట్‌కీ బెదరదు. కార్డు పెట్టి, పాకెట్ సంచీలో వేసుకుని, రసీదు తీసుకున్నాక కూడా నేను కౌంటర్ దగ్గర ఒక్క క్షణం నిలబడిపోతాను. ఇంకేమైనా కావాలా అని అక్కడి అమ్మాయి ఇంగ్లిష్‌లో అడుగుతుంది. అప్పుడు గమనించుకుంటాను, నా చేతిలో సంచీ మూతి ఇంకా తెరిచే ఉందని.